కాటుక కొలత

నమోదు 1

ఉగ్గు వీధి తల్లులకు, వాళ్ళ పిల్లలకు, గోడల్లో ఉన్న కళ్ళకు, ఆ కళ్ళ వెనక కూర్చుని అన్నం తింటూ మమ్మల్ని చూస్తున్న లోకానికి గవరమ్మ అనే నేను గంభీరంగా చాటి చెప్పేదేమనగా: కుళాయి దగ్గర ఉండవలసిన పచ్చ మగ్గు మళ్ళీ కనబడడం లేదు. తీసినవారు సాయంత్రంలోగా తెచ్చి యథాస్థానంలో పెట్టాలి. పెట్టనిచో వారి బిడ్డకు రేపు చన్నీళ్ళ స్నానం. మూడో ఇంటి అరుగు మీద ఎండేసిన వడియాల్లో కాకి తిన్నవెన్ని, కాకి పేరు చెప్పి హైమ తిన్నవెన్ని అనే విషయం విచారణలో ఉంది. తీర్పు వచ్చేదాకా వీధిలో ఎవరూ కాకిని నిందించరాదు.

వీధిలో పనిచేసేవాళ్ళందరూ నమోదులు రాయాలని ఛానెల్ కొత్త నిబంధన పెట్టింది. నేను చదివింది ఆరో తరగతి, అదీ సగం. అయినా భయం లేదు. వీటిని మనుషులెవరూ చదవరు. యంత్రం అక్షరాలు లెక్కపెట్టి డబ్బు వేస్తుంది. నిన్న పరీక్షగా ‘ఉప్పు’ అనే మాటనే పేజీ నిండా రాసి పంపాను. ‘మీ మనసులోని బాధను పంచుకున్నందుకు కృతజ్ఞతలు’ అని జవాబొచ్చింది. డబ్బూ వచ్చింది.

నా పని పిల్లలకు స్నానం చేయించడం. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, ముక్కు నొక్కి, తల గుండ్రంగా వచ్చేలా ఒత్తి, నీళ్ళు పోస్తాను. లోకం ఈ పని మరిచిపోయింది గనక చూడడానికి డబ్బిస్తుంది. నేనింకా తగినంత ముసలిదాన్ని కాలేదని ఛానెల్ వాళ్ళు నా జుట్టుకు తెల్లరంగు వేస్తారు. సాంబ్రాణి పొగకు మాత్రం అనుమతి లేదు, గోడ కళ్ళు మసకబారతాయట. ఖాళీ పళ్ళెం ఊపుతాను. పొగ వాళ్ళు తరవాత కలుపుకుంటారు.

తల్లులందరూ ఇరవయ్యేళ్ళకు అటూ ఇటూ ఉన్న పిల్లలు. వాళ్ళు బతికేది చూపుల మీద. ఏ ఇంటి కంటిని ఎంతమంది ఎంతసేపు చూస్తే ఆ ఇంటికి అంత. బిడ్డ మొదటిసారి బోర్లా పడితే అదనం. మొదటి పన్నుకు అదనం. పౌడరు డబ్బా పేరు కనబడేలా పట్టుకుంటే అదనం. జోలపాట మధ్యలో బ్యాంకు పేరు కలిపితే చాలా అదనం. పిల్లల పేర్లు చూసేవాళ్ళు ఓట్లేసి పెడతారు. ఆఖరి ఇంటి పైడిరత్నం కూతురి పేరు మెరుపు. ఆ పేరు చెప్పి పిలిచినప్పుడల్లా ఒక బల్బుల కంపెనీ రత్నానికి కొంత ఇస్తుంది. అందుకని ఆ పిల్లకు పేరు తప్ప ముద్దు పేరు లేదు.

రత్నం సంగతే ఇప్పుడు చిక్కు. మెరుపు ఏడవదు. నవ్వదు. పాలు తాగుతుంది, నిద్రపోతుంది, లేచి గోడ కంటివైపు చూస్తూ ఉంటుంది. ఇంత బుద్ధిగల బిడ్డను చూడడానికి డబ్బెవరిస్తారు?


నమోదు 2

మంగళవారం నాకూ రత్నానికీ కుళాయి దగ్గర తగువు. మంగళవారం మంగళవారం ఒక ఇంటికి తగువు ఛానెలే రాసిస్తుంది, ఆ వారం వంతు రత్నానిది.

“నీ బిందె తియ్యే, వెనకాల మనుషులున్నారు” అన్నాను, రాసిచ్చినట్టే.

“తియ్యను సిన్నమ్మా” అంది.

తరవాత రత్నం బిందెను కాలితో తన్నాలి. తన్నలేదు. బిందె కేసి చూస్తూ నిలబడింది. చెవిలోని గొంతు, అంటే పైన కూర్చుని మమ్మల్ని నడిపించే లాస్య, “తన్నమనండి, తన్నమనండి” అంటోంది.

“ఏమ్మా, తన్నవా?”

“సొట్ట పడిపోద్ది సిన్నమ్మా. మల్లీ బిందె కొనాలంటే ఏది?”

తగువు అక్కడితో చచ్చిపోయింది. చూసేవాళ్ళు పక్కింటికి వెళ్ళిపోయారు.

రత్నం మొగుడు బిడ్డ పుట్టిన కొత్తలోనే వేరే షోకి మారాడు. పెళ్ళాం పిల్లల్ని వదిలేసి పశ్చాత్తాపపడే మగవాళ్ళ షో అది. బాగా ఏడుస్తాడట, మంచి ఆదరణ ఉందట. ఇంట్లో ఏడవగలిగినవాడు అతనొక్కడే, అతనూ పోయాడు.

ఆ మధ్యాహ్నం నాకు పాడుబుద్ధి పుట్టింది. మెరుపుకు స్నానం అయ్యాక కాటుక పెడుతూ, లాస్యకు ఎలా ఉంటాయో అలా పెట్టాను కనుబొమలు. నెలకోసారి తెర మీద కనబడి మాకు నీతులు చెప్పే ముఖమే కదా, నాకు కంఠతా వచ్చు. అసలు కనుబొమల కంటే బెత్తెడు పైన మొదలుపెట్టి, మధ్యలో విల్లులా వంచి, చెవులదాకా లాగాను. కళ్ళ కొసలు కణతలదాకా తీశాను. ఎడమ బుగ్గ మీద రూపాయంత దిష్టిచుక్క. పిల్ల అదే బుద్ధిగల చూపుతో గోడ కంటిని చూసింది. నెలాఖరు లెక్కలు అడిగే మేనేజరమ్మలా ఉంది.

వీధంతా ఘొల్లుమంది. బయట లోకం కూడా నవ్వినట్టుంది, చూపులు గబగబా పెరిగాయి. రత్నం నవ్వలేదు గాని బిందె తెచ్చి నా ముందు పెట్టింది. “కావాలంటే తన్నేసుకో సిన్నమ్మా” అంది.

లాస్య చెవిలోకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తన కనుబొమలు తను గుర్తుపట్టలేదు.

“గవరమ్మగారూ, చాలా బాగుంది, చాలా సంప్రదాయంగా ఉంది. రోజూ అచ్చం ఇలాగే ఉండాలి. వెంట్రుకవాసి మారినా జనం ఒప్పుకోరు. పాపను కాటుక లేకుండా కంటికి చూపించకండి.”

“చిత్తం” అన్నాను.


నమోదు 3

నవ్వు ఎంతకాలం. మిగతా తల్లులూ అడిగి పెట్టించుకుని, అందరి ఇళ్ళలో పిల్లల కనుబొమలు వంకర్లు తిరిగాక మెరుపును చూసేవాళ్ళు మళ్ళీ తగ్గిపోయారు. చూపులు ఛానెల్ పెట్టిన గీత కిందికి పడితే వీధి ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేసేవాళ్ళు పురుడు దగ్గర్నుంచి ఛానెల్ పెట్టిన పెంపకం ఖర్చు కట్టాలి. కట్టలేనివాళ్ళకు ఛానెల్ దయతలిచి ఒక దారి చూపిస్తుంది. బిడ్డ ముఖాన్ని అమ్మవచ్చు.

ఆ దారిన వెళ్ళింది హైమ. హైమ కూతురు తారకు నాలుగేళ్ళు. నెలల పిల్లగా ఉన్నప్పుడు కొలతలు తీసుకున్నారు. వాళ్ళ యంత్రానికి ఒకసారి కొలత దొరికితే చాలు, ఆ ముఖం పెరిగి పెద్దదై ఎలా ఉంటుందో అదే కట్టుకుంటుంది. ఇప్పుడు తార ముఖం బిస్కెట్ల మీద, దోమల మందు మీద, ఎవరో తెలియని పార్టీ జెండా మీద ఉంది. ముఖం కొనుక్కున్నవాళ్ళది గనక తార దాన్ని బయట ఊరికే చూపించకూడదు. గేట్లకు, బస్సులకు, దుకాణాలకు అన్నిటికీ కళ్ళున్నాయి. గుర్తుపట్టాయంటే హైమ ఖాతాలోంచి కోత పడుతుంది. అందుకని తార కళ్ళకు రెండు కన్నాలున్న గుడ్డ ముసుగు వేసుకుని తిరుగుతుంది. పుల్లైసు తినాలంటే ముసుగు కిందనుంచి దూర్చుకుంటుంది. కొనుక్కున్నవాళ్ళు తల్లీకూతుళ్ళను ఇక్కడే ఉంచారు, ముసుగుపిల్లకు కూడా చూపులొస్తాయి మరి.

ఈరోజు లాస్య రత్నానికి కబురు పెట్టింది. రత్నం వచ్చి నా పీట పక్కన కూలబడింది.

“మెరుపు ముఖం అడుగుతున్నారు సిన్నమ్మా.”

“నువ్వేమన్నావు?”

“ఏటంటాను. ఆలోసించుకోమన్నారు, ఆలోసిస్తన్నాను.” మళ్ళీ తనే, “ముకం పోతే నొప్పుంటాదేటి?” అంది.

“ఉండదంట. వాళ్ళ దగ్గర ఒక దీపం ఉంటుంది, అది వేసి తీస్తారు.”

అటుగా వెళ్తున్న హైమ ఆగింది. “నొప్పేటుంటాది. ఏటీ ఉండదు. అదే దాని గొప్ప” అంది. “మొన్న తార అద్దంలో సూసుకుని, అమ్మా బిస్కెట్టు పాప అంది. నువ్వేనే అంటే నమ్మదే.”

“మరి నువ్వేం చేశావు?” అన్నాను.

“అన్నం వొండీసినాను. ఏటి సెయ్యమంటావు?”

హైమ వడియాలు తింటూ వెళ్ళిపోయింది. విచారణ ముగిసింది. కాకి నిర్దోషి. నవ్వుదామనుకున్నాను, నోరు కదల్లేదు.

రత్నం కూతురి అరికాలు నిమురుతూ, “డబ్బొస్తే ఈదిలోంచి ఎలిపోతాను. మా అక్క ఊళ్ళో రొయ్యల షెడ్డులో పనుందట. ముసుగైనా ఏసి నా దగ్గరే ఉంచుకుంటాను కదా” అంది.

దానికి నేననవలసిన మాట నాకు ఎవరూ రాసివ్వలేదు.


నమోదు 4

ఒక వింత జరిగింది.

మా కుళాయికి కూడా కన్నుంది. బిడ్డ ముఖం చూపిస్తే ఆ బిడ్డ వాటా నీళ్ళు ఇస్తుంది. మామూలుగా నిన్నటి కాటుక ముఖాన్నే చూపించి నీళ్ళు పట్టి, తరవాత స్నానం చేయిస్తాను. ఈరోజు సగం నలుగులో నీళ్ళు అయిపోయాయి. కాటుకంతా నూనెలో కరిగిపోయి ఉంది. శుభ్రంగా తుడిచి, తుడిచిన ముఖాన్నే కుళాయికి చూపించాను.

“ఈ పాప మా వీధి పాప కాదు” అంది కుళాయి.

దగ్గరికి పెట్టాను. దూరం పెట్టాను. తల నిలువుగా పట్టాను.

“ఈ పాప మా వీధి పాప కాదు.”

పిల్లను ఒళ్ళో వేసుకుని, ఎప్పటిలాగే కనుబొమలు పైకి లాగి, కళ్ళ కొసలు తీసి, బుగ్గన చుక్క పెట్టి చూపించాను.

“మెరుపుకు స్వాగతం” అంది. నీళ్ళు వచ్చాయి.

పుట్టిన కొత్తలో నేర్చుకున్న ముఖాన్ని యంత్రం రోజూ దిద్దుకుంటూ ఉంటుందట, పిల్లలు పెరుగుతారు గదా. అలా దిద్దుకుని దిద్దుకుని నా కాటుకనే పిల్ల అనుకుంటోంది. వెంట్రుకవాసి మారకూడదన్న లాస్య హుకుం వల్ల స్నానంలో కూడా పిల్ల ముఖాన్ని నా వైపే తిప్పి పట్టుకుంటాను గనక, దానికి వేరే ముఖం చూసే అవకాశమే రాలేదు.

ఈ విషయం రత్నానికి చెప్పడానికి చోటు లేదు. ఇంట్లో కళ్ళు, వంటింట్లో కళ్ళు, బావి గట్టు మీద కన్ను. అన్నిటికీ చెవులున్నాయి. ఈ నమోదుకు మాత్రం కళ్ళూ చెవులూ లేవు, కడుపు ఒక్కటే ఉంది. అందుకని దీనికి చెప్పాను. ఉప్పు ఉప్పు ఉప్పు.


నమోదు 5

ముఖం కొలవడానికి పట్నాయక్ అనే అబ్బాయి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. మెడలో దీపం, చేతిలో పెట్టె, కళ్ళ కింద నిద్రలేని నలుపు. రత్నం ఇంట్లో చాప వేసి కూర్చోబెట్టాం. మెరుపు నా ఒళ్ళో ఉంది. రత్నం గోడకు ఆనుకుని, చీర కొంగును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

“నిద్ర లేదా బాబూ?” అన్నాను.

“మా ఆవిడకు పోయిన నెల కాన్పయిందండీ. బాబు. తెల్లార్లూ ఏడుపే.”

“అదృష్టవంతుడివి. ఇక్కడ ఆ ఏడుపుకే మొహం వాచిపోయాం.”

పట్నాయక్ నవ్వి, పెట్టె తెరిచి, తడి దూది తీశాడు. “కొలతకు ముందు ముఖం శుభ్రం చెయ్యాలండీ. కాటుక, పౌడరు ఏమీ ఉండకూడదు. రూలు” అని మెరుపు బుగ్గ మీదికి చెయ్యి చాపాడు.

“ఏ బాబూ, నీకు పెద్దవాళ్ళు ఎవరూ లేరా?” అన్నాను.

చెయ్యి ఆగింది. “ఉన్నారండీ. ఏం?”

“ఉండి కూడా చెప్పలేదా? పరాయి బిడ్డకు పెట్టిన దిష్టిచుక్కను చెరిపితే, ఆ బిడ్డకు అప్పటిదాకా తగిలిన దిష్టంతా చెరిపినవాడి ఇంటికి పోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ మీదికి. మా అమ్మమ్మ తల తెగినా ఒకరి బిడ్డ చుక్క ముట్టుకునేది కాదు. స్నానం చేయించేవాళ్ళకూ తల్లికీ కూడా లేదు ఆ అధికారం. నూనెలో దానంతటదే కరగాలి.”

“మా శ్రీకాకుళం వైపు ఎప్పుడూ వినలేదండీ.”

“మీ వైపు పిల్లల్ని ఒక వీధి చూసేది. ఒక ఊరు చూసేది. ఈ బిడ్డను ఎన్ని లక్షలమంది చూశారో ఆ గోడనడుగు. ఆ చూపులన్నీ ఈ చుక్కలో ఉన్నాయి. చెరుపు బాబూ, నాకేమిటి. నీ ఉద్యోగం నీది.”

దూదిలోంచి ఒక చుక్క నీళ్ళు చాప మీద పడింది. పట్నాయక్ రత్నం వైపు చూశాడు. రత్నానికి నిజంగానే ముఖం పాలిపోయింది. అది చూసి అతనికీ పాలిపోయింది.

“మీరే కొంచెం నూనె పెట్టి...”

“కరగడానికి రేపటిదాకా పడుతుంది. ఉంటావా? మంచం వేయించమంటావా?”

అతను చెవిలోని గొంతుతో గుసగుసగా మాట్లాడాడు. లాస్య ఏమందో నాకు వినబడలేదు గాని అతనన్నది వినబడింది. “అవునండీ, పాపను జనం గుర్తుపట్టేది ఈ కాటుకతోనే అండీ. తుడిస్తే అమ్ముడుపోదేమోనండీ.” కాసేపు విన్నాడు. “అలాగేనండీ, ఉన్నదున్నట్టు తీసేస్తాను.”

దూదిని పెట్టెలో పెట్టేశాడు. దీపం వేశాడు. తెల్లటి గీతలు మెరుపు ముఖం మీద అడ్డంగా, నిలువుగా పాకాయి. పిల్ల కళ్ళార్పలేదు. అయిపోయింది. నొప్పి ఏమీ లేదు.

రత్నం వేలిముద్ర వేసింది. వేసి, ఆ వేలిని చీరకు తుడుచుకుంటూ చాలాసేపు కూర్చుంది.

పోతూ పోతూ పట్నాయక్ నన్ను పక్కకు పిలిచి, “మా బాబుకు చుక్క కుడివైపు పెట్టాలా, ఎడమవైపా అండీ?” అని అడిగాడు. పాపం.


నమోదు 6

రత్నం మూట కట్టుకుంది. పెంపకం ఖర్చు పోను మిగిలింది చేతికొచ్చింది. బస్సుకు, రెండు నెలల ఇంటద్దెకు వస్తుంది. గేటుదాకా నేను సాగనంపాను. మా ఇళ్ళకూ గేటుకూ మధ్య ముళ్ళకంప బాట ఉంది. అక్కడ కళ్ళు లేవు. పోయేవాళ్ళను చూడడానికి ఎవరూ డబ్బివ్వరు.

గేటు దగ్గర కాపలా మనిషి అప్పన్న ఉంటాడు. అతని దగ్గర కొత్త ముసుగుల కట్ట ఉంది. గేటు కన్ను ‘అమ్ముడైన ముఖం’ అని చెప్పగానే కొలతకు సరిపడే ముసుగు తొడిగి, తొడిగించుకున్నట్టు తల్లి వేలిముద్ర తీసుకుని పంపుతాడు. ఆ వేలిముద్ర పడిందంటే మరి జన్మంతా ముసుగే. రత్నం కూతుర్ని సింగారించి తెచ్చింది. అవే కనుబొమలు, అదే చుక్క. పొద్దున తనే దిద్దిందట.

కంప బాట మధ్యలో ఆగాను. “పిల్లనిలా ఇయ్యి. ముఖం తుడవాలి.”

“అమ్మో, సెరపకు సిన్నమ్మా.”

“తుడిస్తే దీన్ని గేటు గుర్తుపట్టదు. వాళ్ళు కొన్నది నా కాటుకను. దీని ముఖం దీని దగ్గరే ఉంది. అర్థమవుతోందా?”

అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా పిల్లను ఇవ్వలేదు. గుండెకు ఇంకా దగ్గరగా పట్టుకుంది.

“నువ్వే గదా సెప్పినావు. సెరిపినోళ్ళకి తగిల్తాదని.”

“చెప్పాను.”

“నాను సెరిపితే మల్లీ దీని మీదకే వొస్తాది. నాకింకెవులున్నారు? నువ్వు సెరిపితే నీకు తగిల్తాది.”

“నాకేం తగులుతుందే. తగలడానికి ఇంట్లో ఒక మంచం, ఒక దొంగ మగ్గు ఉన్నాయి.”

“పచ్చ మగ్గు నువ్వే తీసినావేటి?”

“తరవాత మాట్లాడదాం.”

అప్పన్న దూరంనుంచి, “ఏటమ్మా, వొస్తారా రారా, బస్సెలిపోద్ది” అని కేకేశాడు.

రత్నం కదల్లేదు. ఒకపక్క ముసుగుల కట్ట, ఒకపక్క నేను. ఎటూ చూడకుండా మెరుపు తల మీద గడ్డం ఆనించి నిలబడింది. “ఒద్దు సిన్నమ్మా. ముసుగేస్తాను. ముసుగేస్తే బతుకుతాది కదా. దిష్టి తగిలితే బతకదు” అంది. చాలా మెల్లగా, కూరలో ఉప్పు చాలిందని చెప్పినట్టు అంది.

ఇక మాటలతో పని జరగదని తెలిసింది. కొంగు ఉమ్మితో తడిపి, తల్లి చేతుల్లో ఉండగానే మెరుపు ముఖం తుడిచేశాను. ముందు చుక్క. తరవాత కనుబొమలు. తరవాత కళ్ళ కొసలు. రత్నం కళ్ళు మూసుకుంది గాని అడ్డం రాలేదు. కాటుక కిందనుంచి నాకు రోజూ తెలిసిన ముఖం బయటికి వచ్చింది. లేతగా, కనుబొమలు ఉన్నాయో లేవో తెలియకుండా. మామూలు పిల్ల.

మెరుపు ఏడ్చింది. ఇన్ని నెలల్లో మొదటి ఏడుపు. మొదటి ఏడుపుకు అదనం ఎంతో పట్టికలో ఉంది. ఇక్కడ కన్ను లేదు గనక లెక్కకు రాలేదు.

గేటు కన్ను ఎర్రగా వెలిగింది, తరవాత పచ్చగా వెలిగింది. “తెలియని పాప. మా వీధి పాప కాదు. వెళ్ళవచ్చు.”

అప్పన్న ముసుగు చేత్తో పట్టుకుని కన్ను వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు, నా మసి కొంగు వైపు చూశాడు. ముసుగును మళ్ళీ కట్టలో పెట్టేశాడు. “కన్ను ఒద్దంటే నాకేటి” అన్నాడు.

బస్సు ఎక్కాక రత్నం కిటికీలోంచి, “ఇంటికెల్లి ఉప్పు తిప్పుకో సిన్నమ్మా. మర్సిపోకు” అంది. పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. బస్సులో ఎవరో కసురుకున్నారు. ఎవరూ డబ్బివ్వలేదు.


నమోదు 7

మెరుపు ఇప్పుడు వీధి చివర పెద్ద తెర మీద ఉంది. యంత్రం దాన్ని పెంచేసింది. మొన్న బడికెళ్ళే పిల్లలా పాలపొడి అమ్మింది, ఈరోజు పెళ్ళికూతురిలా ఇన్సూరెన్సు అమ్ముతోంది. కనుబొమలు మాత్రం అవే, నడినెత్తికి ఎక్కి విల్లులా వంగి. లాస్య నెలవారీ నీతులు చెప్పడానికి కనబడినప్పుడు రెండు ముఖాలూ పక్కపక్కనే పెట్టినట్టుంటుంది. ఆమెకింకా తట్టలేదు. ఒకప్పుడైతే ఈపాటికి కడుపు చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. ఇప్పుడు చూసి, పీట వేసుకుని, నీళ్ళు పెట్టుకుంటాను.

రత్నం అక్క ఊరినుంచి అప్పన్న ద్వారా ఒక కబురు వచ్చింది. పిల్ల నడుస్తోందట. ముసుగు లేకుండా దుకాణానికి వెళ్తోందట. దుకాణం కన్ను ఎవరివి నువ్వు అని అడిగితే, అడిగిన ప్రతిసారీ గట్టిగా ఏడుస్తోందట.

ఆఖరి ఇంట్లోకి కొత్త తల్లి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఉండవు. మొదటి రోజు బిడ్డను కాళ్ళ మీద వేసుకుని, వేడినీళ్ళతో బుగ్గ మీది చుక్కను రుద్దబోయాను. ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“సెరపకు సిన్నమ్మా. సెరిపినోళ్ళకి తగిల్తాదంట. కొలతలోళ్ళు కూడా ముట్టుకోవడం లేదంట.”

“ఎవరు చెప్పారు?”

“పెద్దోళ్ళు. ఎప్పుడిదో, పాతకాలం నుంచీ ఉందంట.”

హైమ అరుగు మీదనుంచి, “నిజమే, మా నాయనమ్మ కూడా సెప్పేది” అంది, నోట్లో వడియంతో.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నూనె రాసి వదిలేశాను. ఈ బిడ్డకూ కనుబొమలు పైకే లాగాను. ఈసారి మా చిన్నప్పటి లెక్కల మాస్టారివి.

రోజూ సాయంత్రం గుప్పెడు ఉప్పు నా చుట్టూ నేనే తిప్పుకుని కుళాయి గుంటలో పారేస్తున్నాను. పచ్చ మగ్గుతో నీళ్ళు పోస్తున్నాను. నాకేదైనా తగిలిందేమో తెలియదు. తెలిసేంత చురుకు నాలో మిగల్లేదు.

యంత్రమా, నువ్వెలాగూ అక్షరాలే లెక్కపెడతావు గనక ఇది కూడా లెక్కపెట్టుకో. చుక్క చెరిపితే చెరిపినవాళ్ళకు దిష్టి తగులుతుందన్న మాట ఏ పెద్దవాళ్ళూ చెప్పింది కాదు. మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆమె ఏది ముట్టుకునేదో, ఏది ముట్టుకునేది కాదో నాకు తెలియదు. ఆ తడి దూది మెరుపు బుగ్గకు రెండు వేళ్ళ దూరంలో ఉండగా, నోటికి ఏదొస్తే అది అన్నాను. మొత్తం నేనే కల్పించాను.